రెండు వందల పద్నాలుగు కార్డులు

జఫర్‌గఢ్
2 డిసెంబర్ 2024

బిడ్డా జ్యోత్స్నా,

పెద్దబాపు ఉత్తరం రాశాడేందని నవ్వుతావు. నవ్వు. నా రెండు చెవులూ దుకాణం కట్టేశాయి. ఎదురుగా నిలబడి అరిస్తే సగం అర్థమవుతుంది గానీ ఫోన్ మాత్రం ససేమిరా. మొన్న నువ్వు ఫోన్‌లో మాట్లాడినంతసేపూ నేను 'ఆ, ఆ' అన్నవన్నీ ఉత్తవే. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. సెల్లులో చదువుదామంటే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. కాబట్టి కాగితం మీద రాయి, అక్షరాలు జర పెద్దగా రాయి.

మీ నాయిన టేకుమట్ల నుంచి వచ్చి పోయాడు. నీకు పెద్ద ప్రొఫెసర్ పదవి రాబోతోందట, కానీ నీ పేపర్లను ఎంతమంది పేర్కొన్నారో లెక్క చూస్తారట. అదేందిరా పోశాలూ అంటే, "నాకేం ఎరుకనే అన్నా, అదేదో సైటేషనట" అని అరిచాడు. మా తమ్ముడి విద్వత్తు అంతే.

జనగామ కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏండ్లు చేశాను. ఏ పుస్తకం ఎవరు, ఎన్నిసార్లు తీసుకుపోయారో కార్డు చూడకుండా చెప్పేవాణ్ణి. మన ఇంటి ఆడబిడ్డను ఎంతమంది చదువుతున్నారో నాకే తెలియకపోతే సిగ్గు కాదా? వివరంగా రాయి.

నువ్వు సన్నబడ్డావని మీ పెద్దమ్మ యాదమ్మ ఒకటే గోల.

నీ జవాబు వచ్చేదాకా పోస్ట్‌మన్ ప్రాణం తీసే
పెద్దబాపు

*

మహబూబాబాద్
9 డిసెంబర్ 2024

పెద్దబాపూ,

చెవుల సంగతి ముందే చెప్పొద్దా? ఆ రోజు అరగంటసేపు ఏడ్చి చెప్పుకున్నవన్నీ గాలికి పోయాయన్నమాట. పోనీలే, అవి మళ్లీ రాసే ఓపిక లేదు.

అడిగింది చెప్తాను. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో ముందే పట్టుకునే పద్ధతులు కనిపెట్టడం నా పని. కనిపెట్టింది పేపరుగా అచ్చవుతుంది. ఇంకెవరైనా తమ పేపరు చివర 'జ్యోత్స్న చెప్పిన పద్ధతి చూడండి' అని రాస్తే అది ఒక సైటేషన్. నాకు మొత్తం మూడు వందల పన్నెండు ఉన్నాయి. హెచ్-ఇండెక్స్ అని ఇంకో కొలత ఉంది, అది నాకు తొమ్మిది. అంటే కనీసం తొమ్మిదేసి సార్లు పేర్కొన్న పేపర్లు నాకు తొమ్మిది ఉన్నాయని. ఎవరెవరితో కలిసి రాశానో కూడా చూస్తారు.

అన్నిట్లోకి పెద్దది 2019 నాటి పేపరు. రైతులు ఫోన్ నొక్కి మోటరు వేసే స్టార్టర్ పెట్టెలున్నాయి కదా, వాటి లోపలి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పద్ధతి అది. దానికొక్కదానికే రెండు వందల పద్నాలుగు.

ఇంటర్వ్యూ ఫిబ్రవరి 12న. ఈసారి రాకపోతే ఉన్న కాంట్రాక్టు కూడా పొడిగించరు. మా డిపార్ట్‌మెంట్ పెద్ద వెంకట్రాం సార్ మాత్రం డోకా లేదంటున్నాడు. లెక్క లెక్కే పెద్దబాపూ, చూసి మురిసిపోకు.

సన్నబడలేదు, బాగానే తింటున్నానని పెద్దమ్మకు చెప్పు.

జ్యోత్స్న

*

జఫర్‌గఢ్
20 డిసెంబర్ 2024

బంగారు బిడ్డా,

మురిసిపోకంటే ఆగుతానా! బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే భావన అనే పిల్లను పట్టుకున్నాను. నీ పెద్ద పేపరును పేర్కొన్న వాటి జాబితా తీయించి, ఒక్కొక్కదానికి ఒక్కో కార్డు రాస్తున్నాను. పేపరు పేరు, రాసినవాళ్లు, నెల, నిన్ను పేర్కొన్న వాక్యం. కంప్యూటర్ చెప్పిన లెక్కను చేత్తో సరిచూడకపోతే నాకు అన్నం దిగదు. తొంభై అయ్యాయి.

అసలు సంగతి విను. మొన్న స్టార్టర్ పెట్టెలు అమ్మే కంపెనీవాళ్లు ఊరికొచ్చారు. కరపత్రం పంచితే చూద్దును కదా, దాని మీద నీ పేపరు పేరు! 'రెండు వందల పద్నాలుగు పరిశోధనల్లో ప్రామాణికంగా తీసుకున్న పద్ధతితో పరీక్షించబడినది' అని అచ్చేశారు. నాకు ఒళ్లు పులకరించింది. అక్కడే అరుగు ఎక్కి, గీ జ్యోత్స్న మా తమ్ముని బిడ్డ, లెక్క నేను సొంతంగ రాస్తున్న, కార్డులు మా ఇంట్ల ఉన్నయి, అనుమానం ఉన్నోళ్లు వచ్చి సూసుకోండ్రి అన్నాను. జనం వచ్చి నిజంగానే చూశారు. ఆ రోజే పదిహేడు మంది తీసుకున్నారు. మన బావికి కూడా పెట్టిస్తున్నాను.

మీసాలు దువ్వుకుంటూ
పెద్దబాపు

*

మహబూబాబాద్
27 డిసెంబర్ 2024

పెద్దబాపూ,

ఎవరినడిగి అరుగు ఎక్కావు? కోపం కాదు, భయం. ఆ కరపత్రం సంగతి నాకు తెలియదు. కంపెనీవాళ్లు నన్నెవరూ అడగలేదు. అది ఐదేండ్ల కిందటి పేపరు, దానికి కొన్ని పరిమితులున్నాయి.

మన బావికి పెట్టించకు. పెట్టించిన వాళ్లకు ఒక్క మాట చెప్పు: మోటరును గానీ వైరును గానీ ముట్టుకునే ముందు ఫ్యూజులు తీయాలని. ఫోన్ చూసి నమ్మొద్దని.

ఇంటర్వ్యూ అయ్యేదాకా నా పేరు ఎక్కడా ఎత్తకు. బతిమిలాడుకుంటున్నాను.

జ్యోత్స్న

*

జఫర్‌గఢ్
6 జనవరి 2025

బిడ్డా,

నీ భయం నాకు అర్థమైంది. దిష్టి. పది మంది నోళ్లలో పడితే పని చెడుతుందని కదా? మీ పెద్దమ్మ నీ ఫోటోకు ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. ఇక నిశ్చింతగా ఉండు. ఫ్యూజుల మాట చెప్పాను గానీ, నీకు మొదటినుంచీ అతిజాగ్రత్త కదా అని మేమే నవ్వుకున్నాం. మన పెట్టె బిగించేశారు. ఊళ్లో ఇప్పటికి నలభై మూడు.

కార్డులు పూర్తయ్యాయి. రెండు వందల పద్నాలుగు! వసారాలో పరిచి రచయితల వారీగా పేర్చాను. అప్పుడొక వింత కనబడింది. ఎటు తిప్పినా తొమ్మిది పేర్లే, నీదాంతో కలిపి. వాళ్లు నిన్ను పేర్కొంటే నువ్వు వాళ్లను పేర్కొన్నావు. నిన్ను పేర్కొన్న వాక్యం కూడా అన్ని కార్డుల మీద ఒక్కటే, అక్షరం పొల్లు పోలేదు.

నాట్లప్పుడు మన దగ్గర బదులు పోతారు చూడు. ఇవాళ వాళ్లు మన మడిలో వంగితే రేపు మనం వాళ్ల మడిలో వంగాలి. కూలి లేదు, నాలుక మీద మాటే. చదువుకున్నవాళ్లలో ఆ మర్యాద ఎప్పుడో పోయిందనుకున్నాను. మీరు తొమ్మిది మంది భలే నిలబెట్టారు! అందరికన్నా ఎక్కువసార్లు నిన్ను పేర్కొన్న టీక్యా అనే ఆయనది గార్ల ఊరని ఉంది. ఈ వారంలో పోయి ఒక్కసారి చేతులు పట్టుకుని వస్తాను.

పెద్దబాపు

*

మహబూబాబాద్
15 జనవరి 2025

పెద్దబాపుకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెంప పగలగొట్టినా ఇంత మండేది కాదు. బదులు అన్నావు, మర్యాద అన్నావు. ఎత్తిపొడవడంలో నిన్ను మించినవాడు లేడు. టీక్యా చేతులు పట్టుకుంటానన్నావు చూడు, అక్కడ ఏడుపొచ్చింది. సరే, కనిపెట్టావు. ఒప్పుకుంటున్నాను.

2020లో వెంకట్రాం సార్ ఒక జాబితా చేశాడు. ఎవరు పేపరు రాసినా జాబితాలో ఉన్నవాళ్లను పేర్కొనాలి. కాదన్న తోటి టీచర్ అనితకు ఆ ఏడే కాంట్రాక్టు పోయింది. నేను కాదనలేదు. నాయిన భూమి కుదువ పెట్టి చదివించిన చదువు, ఏ మొహంతో ఇంటికి పోను అనుకున్నాను.

అసలు పాపం అది కాదు. కరెంటు పోయి మూడు నాలుగు సెకండ్లలో మళ్లీ వస్తే ఆ పెట్టె పాత సంగతి మరిచిపోతుంది. ఫోన్‌లో 'ఆఫ్' అని ఉంటుంది, వైర్లలో కరెంటు ఉంటుంది. నా పద్ధతి ఆ ఒక్క స్థితిని పరీక్షించదు. 2021లో నాకే తెలిసింది. సవరణ రాస్తానంటే సార్ ఒప్పుకోలేదు. పేపరు పోతే తొమ్మిది మంది లెక్కలూ పోతాయన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. రెండు వందల పద్నాలుగు చోట్ల పేర్కొన్నారే గానీ ఒక్కరూ దాన్ని చదవలేదు పెద్దబాపూ. ఎవరూ చదవని పేపరు ఎవరినేం చేస్తుందిలే అనుకున్నాను.

ఆ రోజు ఫోన్‌లో చెప్పింది ఇదే. నువ్వు 'ఆ, ఆ' అన్నావు. నీ మొదటి ఉత్తరం వచ్చేదాకా నీకు తెలుసనే అనుకున్నాను.

మన పెట్టె పీకేయ్. మిగతావాళ్లవీ పీకించు. కానీ పన్నెండో తారీకు దాకా నా పేరు రాకుండా.

జ్యోత్స్న

*

జఫర్‌గఢ్
24 జనవరి 2025

జ్యోత్స్నా,

నేను ఎత్తిపొడవలేదు బిడ్డా. ఒట్టు. నిజంగానే గొప్ప అనుకున్నాను. ముసలి వెధవను, నా తెలివి అంతవరకే.

నీ ఉత్తరం వచ్చేసరికి గార్ల పోయి వచ్చాను. టీక్యా నాలుగేండ్ల కిందటే కాలేజీ వదిలేసి మిరపకాయల వ్యాపారం చేసుకుంటున్నాడు. నీ పేరు చెబితే గుర్తుపట్టలేదు. అతని పేరు మీద ఇన్ని పేపర్లు అచ్చయ్యాయని కార్డులు చూపిస్తే, "గివన్నీ నేను రాసిన్నా? ఎప్పుడు రాసిన్నే తాతా?" అని నన్నే అడిగాడు. కార్డులు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మన పెట్టె పీకించాను. ఇల్లిల్లూ తిరిగాను. కారణం చెప్పకుండా పీకేయమంటే ఎవరు వింటారు? "ఉప్పలన్నా, రెండు వందల మంది మంచిదన్నరంటివి, కార్డులు సూపెడితివి. ఇప్పుడేందే, కంపెనోడు నీకు కమీషనియ్యలేదా?" అన్నారు. నవ్వారు. నాతో కలిపి ముగ్గురం పీకాం, నలభై మిగిలాయి.

మన చేను పక్కామె గోరీ ఉందే, మొగుడు పోయినప్పటినుంచి పిల్లలను సాదుకుంటూ ఒక్కతే రెండెకరాలు చేసుకుంటోంది. మోకాళ్ల నొప్పి. "రోజుకు నాలుగు మాట్ల బాయికాడికి తిరిగి సచ్చిన మామా. గీ పెట్టె వచ్చినంక నా కాళ్లు నాకు వచ్చినయి. మల్ల తియ్యమంటవా?" అంది.

నా మాట ఎవరూ నమ్మరు. నువ్వే తెలుగులో రాసి, సంతకం పెట్టి పంపు. పంచాయతీ ఆఫీసు ముందు చదువుతాను.

పెద్దబాపు

*

మహబూబాబాద్
1 ఫిబ్రవరి 2025

పెద్దబాపూ,

మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. వెంకట్రాం సార్‌తో చెప్పాను కూడా. తలుపు వేసి, ఒక్క అక్షరం రాసినా పదమూడో తారీకున నీకు ఇక్కడ కుర్చీ ఉండదన్నాడు. కంపెనీవాళ్లు మా కాలేజీ కమిటీలో ఉన్నారట.

పదకొండు రోజులే. పదవి చేతికొచ్చిన మరుసటి రోజు సంతకం పెట్టి పంపుతాను, నాయిన మీద ఒట్టు. అప్పటిదాకా నువ్వే కాపాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా జనాన్ని మోటర్ల దగ్గరికి పోనీయకు. ముఖ్యంగా గోరీని.

నన్ను తిట్టు, కానీ ఆగు.

జ్యోత్స్న

*

జఫర్‌గఢ్
9 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నా,

నీ ఉత్తరం అందినప్పటినుంచి ఐదు రోజులుగా పొద్దు పొడిచింది మొదలు చేన్ల వెంట తిరుగుతున్నాను. నలభై బావులకు ఒక్క ముసలోణ్ణి. మీ పెద్దమ్మ నాకు గాలి సోకిందనుకుంటోంది.

ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయి రెప్పపాటులో వచ్చింది. గోరీ ఫోన్ తీసుకుని చూశాను. 'ఆఫ్' అని ఎర్ర అక్షరాలు. నాకు వినపడదు కాబట్టి మోటరు పైపు మీద చెయ్యి పెట్టాను. అదురుతోంది. చేతికింద నీళ్లు ఉరుకుతున్నాయి, ఫోన్‌లో ఆఫ్. గోరీకి చూపిస్తే, "ఫోన్ జర లేటుగ చెప్తదే మామా, గంతే" అని నవ్వింది.

నేను పన్నెండో తారీకు దాకా ఆగను. రేపు పది గంటలకు అందరినీ పిలిచాను. నీ పేరుతో సహా అన్నీ చెప్తాను. నీ కొలువు పోతే మన చేను ఉంది, ఇంత గంజి తాగుదాం. క్షమించమని అడగను.

పెద్దబాపు

*

మహబూబాబాద్
13 ఫిబ్రవరి 2025

పెద్దబాపూ,

పదో తారీకు సాయంత్రం నాయిన ఫోన్ చేసి గోరీ పోయిన సంగతి చెప్పాడు. తెల్లారి ఆరింటికట. ఊడిన వైరు బిగించబోయిందట. నువ్వు పిలిచిన పది గంటలకు ఇంకా నాలుగు గంటలుంది.

అది తెలిశాకా నేను పన్నెండున ఇంటర్వ్యూకు పోయాను. ఇది నువ్వు నా చేతిరాతలోనే చదవాలి. ఇస్త్రీ చీర కట్టుకుని పోయాను. 'మీ పనికి సమాజంలో ఉపయోగమేమిటి' అని అడిగితే స్టార్టర్ పెట్టెల పేపరు గురించి చెప్పాను. సైటేషన్లు ఎన్నని అడిగితే రెండు వందల పద్నాలుగు అన్నాను. పదవి వచ్చింది.

సంతకం పెట్టిన కాగితం దీంతో పంపుతున్నాను. గోరీ పిల్లలకు చదివి వినిపించు. నా మొహం చూపించే ధైర్యం ఇంకా రాలేదు.

జ్యోత్స్న

*

జఫర్‌గఢ్
24 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నా,

పదో తారీకున నేను పిలిచిన జనమంతా గోరీ శవం దగ్గరే ఉన్నారు, నా మాట ఎవరూ వినలేదు. నువ్వు పంపిన కాగితం పంచాయతీ ఆఫీసు ముందు చదివాను. అదే రోజు కంపెనీవాళ్లు ఒక ఇంజినీరును తెచ్చుకున్నారు. ఆయన బావి చూశాడు, పెట్టె చూశాడు, పదిహేను పేజీల నివేదిక రాశాడు. పెట్టెలో ఏ దోషమూ లేదట. తడి చేతులతో వైరు ముట్టుకోవడం గోరీ తప్పట. ఆధారంగా పేజీ అడుగున నీ పేపరు పేరు రాశాడు.

ఆయన నీ తొమ్మిది మందిలో లేడు. నువ్వెవరో తెలియదు, నీకు బదులు తీర్చాల్సిన పని లేదు. భావన దగ్గర జిరాక్సు తీయించి మొదటినుంచి చివరిదాకా చదివాను. నీ పద్ధతిని వరుస తప్పకుండా చేసి చూశాడు. నీ పేపరును నిజంగా చదివి పేర్కొన్న మొదటి మనిషి ఆయనే బిడ్డా. దానితో గోరీ పిల్లలకు దిక్కు లేకుండా పోయింది. నివేదిక వచ్చాక ఊరంతా ఆ కాగితం నేను పుట్టించిందంటున్నారు. మొన్న ఇంకో ఆరు పెట్టెలు అమ్ముడుపోయాయి.

అంతకన్నా ముఖ్యమైంది. పోశాలు వచ్చాడు. టేకుమట్లలో తన బావికి ఆ పెట్టె పెట్టించాడట. బిడ్డ పేరున్న సామాను ఇంట్లో లేకపోతే ఎట్లా అన్నాడు. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "నా బిడ్డకు పదవి వచ్చిందని నీకు కండ్లమంటనా అన్నా?" అన్నడు బిడ్డా, నన్ను. గింతప్పటినుంచి సాదిన నన్ను. నీ నోటితోని చెప్పు. జల్ది చెప్పు.

పెద్దబాపు

*

హనుమకొండ బస్టాండు
1 మార్చి 2025, పొద్దున ఆరున్నర

పెద్దబాపూ,

పరకాల బస్సులో కూర్చుని రాస్తున్నాను. డ్రైవర్ చాయ్ తాగుతున్నాడు. నీకు ఫోన్ చేసే దారి లేదు, ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేటట్టుంది.

పేపరు వెనక్కి తీసుకుంటానని పత్రికకు రాశాను. విచారించి తేల్చడానికి ఎనిమిది నెలలు పడుతుందట, అప్పటిదాకా అది అట్లాగే ఉంటుందట. కాలేజీకి రాజీనామా ఇచ్చాను. నాయినకు మూడు రోజులుగా చెప్తూనే ఉన్నాను. నాయినా, రాసింది నేనే, తప్పని చెప్తున్నది నేనే, పెట్టె తీసేయ్ అన్నాను. "పిచ్చి బిడ్డా, గంతమంది సదువుకున్నోళ్లు, గా ఇంజినీరు సుతం మంచిగున్నదంటుంటె నువ్వొక్కదానివి కాదంటవా? ఎవలో నిన్ను బెదిరిస్తున్నరు. నువ్వు భయపడకు, నేను ఉన్న గదా" అన్నాడు. నాకే ధైర్యం చెప్పాడు పెద్దబాపూ.

అందుకే టేకుమట్లకు బయలుదేరాను. సంచిలో కటింగ్ ప్లేయర్ ఉంది. పోగానే ఫ్యూజులు తీసి, ఆ పెట్టె వైర్లన్నీ కోసేస్తాను. ఆ తర్వాత తిడితే తిట్టనీ.

ఇప్పుడే ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. తెల్లవారుజామునుంచి గాలికి కరెంటు పోతోందట, వస్తోందట. నాయిన ఏడని అడిగాను. "మోటరు గుంజుతలేదని బాయిల దిగిండు బిడ్డా. సెల్లు నా చేతికిచ్చి పోయిండు. నువ్వు పరేషాన్ గాకు, నేను సూస్తనే ఉన్న, ఆఫ్ అనే ఉన్నది" అంది.

ఫోన్ పడేసి ఉరుకమ్మా అని అరిచాను. బస్సంతా నావైపు చూసింది. అమ్మ ఏమందో వినపడలేదు, లైన్ పోయింది. మళ్లీ చేస్తున్నాను, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బస్సు ఇంకా కదలలేదు.

జ్యోత్స్న